పిల్లలకు ఈజిప్టు బొమ్మలు నేర్పాలా? ముందు చెరువు గీయించండి

ఈజిప్టు అనగానే మనం చేసే పని ఒకటే. నెట్‌లో మమ్మీ బొమ్మో పిరమిడ్ బొమ్మో చూసి ప్రింట్ తీయడం, క్లాసుకి సరిపడా జిరాక్స్ కొట్టించడం, క్రేయాన్లు ఇచ్చి రంగులేయమనడం. నేనూ మొదటి ఏడాది అదే చేశా. పీరియడ్ ప్రశాంతంగానే గడిచింది. మర్నాడు నిన్న ఏం నేర్చుకున్నారర్రా అని అడిగితే, ‘శవానికి గుడ్డ చుడతారు టీచర్’ అన్నారు, అంతే. బొమ్మల సంగతి ఒక్కరికీ గుర్తులేదు, గుర్తుండటానికి నేను చెప్పిందేముంది గనక.

తర్వాత తెలిసొచ్చిన విషయం ఏంటంటే, మన ఏడెనిమిదేళ్ల పిల్లలు బొమ్మ వేసే తీరుకీ, మూడు నాలుగు వేల ఏళ్ల కిందట ఈజిప్టు చిత్రకారులు వేసిన తీరుకీ బాగా దగ్గర పోలిక ఉంది. ఒకచోట నిలబడి చూస్తే కంటికి ఎంత కనిపిస్తుందో అంతే వేయరు, అక్కడ ఏమేం ఉన్నాయో తమకు తెలిసినవన్నీ వేస్తారు. క్యారమ్ బోర్డు ఆడుతున్న నలుగురిని వేయమంటే మూడో తరగతి పిల్లాడు బోర్డుని పైనుంచి చూసినట్టు చతురస్రంగా వేసి, ఆడేవాళ్లని నాలుగు వైపులా పడుకోబెట్టేస్తాడు. మనం వెంటనే ‘తప్పు నాన్నా, మనుషులు అలా ఉంటారా’ అంటాం. ఈజిప్టు పాఠం ఆ మాట అనకుండా మొదలవ్వాలి. అందుకే నా పద్ధతిలో మొదటి రోజు పిరమిడ్ ఉండదు, మమ్మీ ఉండదు, చెరువు ఉంటుంది.

ఇది మూడు, నాలుగు, ఐదు తరగతులకు పనికొస్తుంది. నలభై నిమిషాల పీరియడ్లు ఐదు పెట్టుకోండి, నాలుగులో అవగొట్టాలని చూస్తే రంగులు ఆరకముందే బెల్లు కొడతారు.

మొదటి పీరియడ్: చెరువు

తెల్లకాగితం ఇచ్చి ఇంత మాత్రమే చెప్పండి: ‘నలుచదరంగా ఒక చెరువు, అందులో చేపలు, బాతులు, చుట్టూ నాలుగు వైపులా చెట్లు. పదిహేను నిమిషాలు.’ ఇంకేం చెప్పొద్దు, బోర్డు మీద వేసి చూపించొద్దు, ఎవరైనా ‘ఎలా వేయాలి టీచర్’ అంటే నీ ఇష్టం అనండి. ముప్పై మందిలో కనీసం సగం మంది చెరువుని పైనుంచి చూసినట్టూ, చేపల్ని పక్కనుంచి చూసినట్టూ వేస్తారు. కొందరు చెట్లని పక్కకి పడేస్తారు, కొందరు కాగితం తిప్పుకుంటూ వేస్తారు. ఆ కాగితం తిప్పేవాళ్లని గమనించి పెట్టుకోండి.

అప్పుడు నెబామున్ చెరువు చూపించండి. నెబామున్ అంటే క్రీ.పూ. 1350 ప్రాంతంలో ధాన్యం లెక్కలు రాసిన ఒక ఉద్యోగి, రాజు కాదు. అతని సమాధి గోడ మీది బొమ్మల ముక్కలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వాటిలో ఒకటి తోటలో చెరువు. నీళ్లు పైనుంచి చూసినట్టు దీర్ఘచతురస్రంలా ఉంటాయి, అలలు వంకర గీతలు, బాతులు, చేపలు, తామరలు మాత్రం పక్కనుంచి, ఒక వైపు చెట్లు నిటారుగా ఉంటే ఇంకో వైపు చెట్లు పడుకుని ఉంటాయి. ఫోన్‌లో చూపిస్తే ముందు బెంచీ వాళ్లకే కనిపిస్తుంది, ఏ3 కలర్ ప్రింట్ ఒకటి తీయించండి, డబ్బులు ఖర్చు పెట్టాల్సింది అక్కడే. చూపించగానే క్లాసులో ఎవడో ఒకడు ‘టీచర్, వీడు కూడా నాలాగే వేశాడు’ అంటాడు. ఆ మాట కోసమే ఈ పీరియడ్ అంతా.

అప్పుడు కారణం చెప్పండి. ఈ బొమ్మలు ఎవరో వచ్చి చూసి మెచ్చుకోవడానికి వేసినవి కావు. చనిపోయిన మనిషికి అవతలి లోకంలో ఆ తోట, ఆ చేపలు, ఆ పళ్లు దక్కాలని వేసినవి. ఒక చెట్టు ఇంకో చెట్టు వెనక దాక్కుంటే ఆ చెట్టు పళ్లు దక్కవు కదా, అందుకని ఏదీ దాక్కోకూడదు, అన్నీ పూర్తిగా ఉండాలి. పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది, మనకే టైమ్ పడుతుంది. చావు మాట వస్తుందేమోనని టెన్షన్ పడకండి, మామూలు గొంతుతో చెబితే వాళ్లూ మామూలుగానే వింటారు.

రెండో పీరియడ్: ఒంటితో

కాగితాలు పక్కన పెట్టించి అందర్నీ లేపండి. ముఖం కుడివైపు తిప్పమనండి, భుజాలు రెండూ ఎదురుగా నా వైపు ఉండాలనండి, నడుము కింద నుంచి మళ్లీ పక్కకి, పాదాలు రెండూ ముఖం చూసే వైపే, ఎడమకాలు ఒక అడుగు ముందుకి. పడిపోతారు. నవ్వులే నవ్వులు, పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరకొచ్చి చూస్తారు, పర్లేదు. ఎవరూ హాయిగా అలా నిలబడలేరని ఒంటికే తెలిశాక అడగండి, మరి వాళ్లు ఎందుకలా వేశారు? ముక్కు ఎటునుంచి చూస్తే బాగా తెలుస్తుంది? పక్కనుంచి. కన్ను? ఎదురుగా. భుజాలు? ఎదురుగా. పాదం? పక్కనుంచి. ప్రతి భాగాన్నీ అది బాగా తెలిసే వైపు నుంచి తీసుకుని కలిపారు, చెరువులో చేసిన పనే మనిషిలోనూ చేశారు. తోలుబొమ్మలాట చూసిన పిల్లలుంటే వాళ్లని అడగండి, అక్కడా ముఖం పక్కకి ఉండి కన్ను నిండుగా ఉంటుంది కదా అని.

ఇక్కడ చిన్న ఆట పెట్టొచ్చు. ఒక ఈజిప్టు బొమ్మ చూపించి పాదాల్లో తిరకాసు కనిపెట్టమనండి. చాలా బొమ్మల్లో రెండు పాదాలకీ బొటనవేలే మన వైపు ఉంటుంది, అంటే రెండూ ఒకే కాలు అన్నమాట! మనకి చెప్పేదాకా తట్టదు, పిల్లలు అరనిమిషంలో పట్టేస్తారు. అలాగే నియమం అందరికీ ఒకేలా ఉండేది కాదని కూడా చెప్పండి. ఆ నెబామున్ సమాధిలోనే విందు బొమ్మలో పాటకత్తెలు ఇద్దరి ముఖాలు సూటిగా మనవైపే చూస్తుంటాయి. రాజులు, పెద్ద అధికారులు బిగుసుకుని ఉంటారు, పనివాళ్లు, ఆటగత్తెలు, జంతువులు కాస్త స్వేచ్ఛగా కదులుతారు.

మూడో పీరియడ్: గళ్లు

లెక్కల టీచర్‌తో స్నేహం ఉంటే ఈ పీరియడ్ ఆయన దగ్గర అడిగి తీసుకోండి, ఇది నిజంగా లెక్కల క్లాసే.

ఈజిప్టు చిత్రకారులు గోడ మీద ముందు ఎర్రరంగుతో గళ్లు కొట్టేవాళ్లు. దారాన్ని ఎర్రరంగులో ముంచి, రెండు చివర్లా బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. మన వడ్రంగులు చెక్క మీద గీత వేసేదీ ఇలాగే, ఎవరి నాన్నో మామయ్యో ఆ పని చేస్తుంటే ఆ పిల్లాడి చేతే చెప్పించండి, వాడు ఆ రోజంతా హీరో. పని పూర్తికాని సమాధుల్లో ఆ ఎర్రగీతలు, వాటి మీద నల్లరంగుతో చేసిన దిద్దుబాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. హోరెంహెబ్ అనే రాజు సమాధిలో అలా సగంలో ఆగిపోయిన గోడలున్నాయి. పెద్ద ఆర్టిస్టులు కూడా ముందు తప్పుగా గీసి దిద్దుకున్నారని చెప్పండి, రబ్బరు పెట్టి కాగితం చిరిగేదాకా తుడిచే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, వాళ్లకి ఈ మాట చాలా పనిచేస్తుంది.

లెక్క ఇది. నిలబడ్డ మనిషి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు దాకా 18 గళ్లు. కింది నుంచి లెక్కపెడితే 6వ గీత దగ్గర మోకాలు, 9 దగ్గర పిర్రల కింది అంచు, 11 దగ్గర నడుము, 16 దగ్గర మెడ భుజాన్ని కలిసే చోటు, 18 దగ్గర జుట్టు అంచు. భుజాల వెడల్పు సుమారు 6 గళ్లు, పాదం పొడవు 3 గళ్ల పైచిలుకు. కూర్చున్న మనిషైతే 14 గళ్లు. చాలా వందల ఏళ్లు ఇదే లెక్క నడిచింది, చివరి కాలంలో మారి గళ్లు పెరిగాయి గానీ పిల్లలకు అదంతా అక్కర్లేదు.

ఏ4 కాగితం మీద 1.5 సెంటీమీటర్ల గళ్లు కొట్టిస్తే 18 గళ్లకి 27 సెంటీమీటర్లు, పైన కిరీటానికి రెండు సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది, అడ్డంగా 14 గళ్లు వస్తాయి. ఐదో తరగతి వాళ్లు స్కేలుతో తామే కొట్టుకుంటారు. మూడో తరగతి వాళ్లతో కొట్టించాలని చూడకండి, గళ్లు కొట్టడంలోనే పీరియడ్ అయిపోతుంది (నాకయింది). వాళ్లకి చిన్నపిల్లల లెక్కల గళ్ల నోట్‌బుక్ చాలు, బొమ్మ చిన్నగా వస్తుంది, అంతే. గీతలు ఎర్ర పెన్సిల్‌తో, పలచగా.

ముందు గీతల మీద చుక్కలు పెట్టించండి, మోకాలు చుక్క, నడుము చుక్క, భుజాల చుక్కలు. తర్వాత కలపమనండి. ‘నాకు మనిషి బొమ్మ రాదు’ అనే పిల్లకి మొదటిసారి మనిషి వస్తాడు. ఆ ముఖం చూడాలి మీరు.

ఎవరు పెద్ద

ఇది విడిగా పీరియడ్ అక్కర్లేదు, గళ్లు అయిపోయాక మిగిలిన టైమ్‌లో ఇవ్వండి. నార్మర్ అనే రాజు రాతిపలక చూపించండి, క్రీ.పూ. 3100 ప్రాంతంది, సుమారు 64 సెంటీమీటర్ల ఎత్తు. రాజు ఇంతెత్తున ఉంటాడు, అతని చెప్పులు మోసేవాడు రాజు పక్కన చిన్నపిల్లాడంత ఉంటాడు. దూరంగా ఉన్నాడని కాదు, చిన్న హోదా అని. ఇప్పుడు మీ ఇంట్లోవాళ్లని ఈ పద్ధతిలో వేయండి అంటే చాలు. ఒక అమ్మాయి నానమ్మని కాగితం నిండా వేసి, నాన్నని చెప్పు సైజులో వేసింది. ఒకడు టీవీ రిమోట్‌ని అందరికంటే పెద్దగా వేశాడు. ఈ బొమ్మలు మాత్రం గోడకి పెట్టకండి, పేరెంట్స్ మీటింగ్ రోజు మీకే ఇబ్బంది.

నాలుగో పీరియడ్: రంగులు

ముందు రోజు సాయంత్రమే తుమ్మ బంక నానబెట్టాలి. అరకప్పు నీళ్లలో రెండు చెంచాల బంక, పొద్దున వడగట్టండి. ఈజిప్టువాళ్లు రంగు గోడకి అంటుకోవడానికి వాడిన జిగుర్లలో తుమ్మ జాతి చెట్ల బంక ఒకటి. మన పొలాల గట్ల మీద పెరిగే నల్లతుమ్మ శాస్త్రీయ నామంలో ‘నైలోటికా’ అని ఉంటుంది, అంటే నైలు నదిది అని. ఈ ఒక్క ముక్క చెప్పాక మా పిల్లలు మర్నాడు జేబుల్లో బంక ఉండలు తెచ్చారు, చొక్కాలకి అంటుకుని ఇళ్లలో తిట్లు తిన్నారట.

ఎరుపుకి జేగురు, తెలంగాణలో జాజు అంటారే, అదే. ఈజిప్టు ఎరుపూ ఇలాంటి మన్నే. పసుపుకి పసుపుపచ్చ మట్టి దొరికితే సరే, లేకపోతే పోస్టర్ కలర్. నలుపుకి దీపం మసి గానీ మెత్తగా నూరిన బొగ్గు గానీ, తెలుపుకి సుద్ద. ఒక్కో పొడిలో కొంచెం కొంచెంగా బంక నీళ్లు పోసి మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా కలపాలి. నీలం మాత్రం మనం చేయలేం, ఇసుక, రాగి, సున్నం, క్షారం కలిపి 900 డిగ్రీల ప్రాంతంలో కాల్చి గాజులాంటి ముద్ద చేసి దాన్ని నూరేవాళ్లు. మనిషి తయారుచేసిన తొలి కృత్రిమ రంగుల్లో అదొకటి. అందుకని నీలానికి డబ్బా రంగే. బ్రష్షుకి వేపపుల్ల చివర రాయితో నలగ్గొట్టి ఇవ్వండి, వాళ్లూ రెల్లు లాంటి పుల్లల చివరలు నలిపి వాడారు.

వేసే వరుస: లోపల రంగు నింపడం ముందు, అంచు గీత చివర. నీడలు, షేడింగు లేవు, ఒక చోట ఒకే రంగు సమంగా. తడి ఆరకుండా గీత వేస్తే పాకుతుంది, ఆ పది నిమిషాలు ఏదైనా కథ చెప్పండి.

ఒంటి రంగు దగ్గర కాస్త ఆగాలి. ఈజిప్టు బొమ్మల్లో మగవాళ్లకి ఎర్రమట్టి రంగు, ఆడవాళ్లకి పసుపు రంగు వేసే అలవాటు ఉంది, మగవాళ్లు ఎండలో పనిచేస్తారు, ఆడవాళ్లు నీడపట్టున ఉంటారు అనే లెక్క కావచ్చని అంటారు. మన పిల్లలేమో లేత గులాబీ క్రేయాన్‌ని ‘స్కిన్ కలర్’ అంటారు, మనమే నేర్పాం. వాళ్ల దేవుడు ఒసిరిస్‌కి ఆకుపచ్చ ఒళ్లు, కొన్నిచోట్ల నల్లటి ఒళ్లు. నలుపు వాళ్లకి అశుభం కాదు, వరద వెళ్లాక నైలు వదిలే నల్లటి ఒండ్రుమట్టి రంగు, పంట రంగు. తమ దేశాన్నే ‘కెమెత్’, నల్లనేల అన్నారు. ఇది చెప్పి, మీకు నచ్చిన రంగు వేసుకోండి అంటే మా క్లాసులో ముగ్గురు నల్ల రాజులూ ఒక ఆకుపచ్చ రాణీ వచ్చారు.

ఐదో పీరియడ్: పేరు, పెంకుముక్క

చిత్రలిపిలో పేరు రాయించకపోతే పిల్లలు ఊరుకోరు, కాబట్టి రాయించండి, కానీ నెట్‌లో దొరికే ఇంగ్లిష్ అక్షరాల పట్టిక ఇవ్వకండి. ఆ లిపి హల్లులనే రాస్తుంది, అచ్చుల్ని వదిలేస్తుంది, గుణింతాలు నేర్చిన మన పిల్లలకి ఇదొక వింత. బోర్డు మీద ఇవి వేయండి: ర అంటే నోరు, మ అంటే గుడ్లగూబ, న అంటే నీటి అల, బ అంటే కాలు, ప అంటే చదరపు పీట, త అంటే రొట్టె, ద అంటే చెయ్యి, క అంటే బుట్ట, స అంటే మడతపెట్టిన గుడ్డ, శ అంటే చెరువు, జ అంటే పాము, వ అంటే పక్షిపిల్ల, ల కి సింహం. రవి అంటే నోరు, పక్షిపిల్ల. లక్ష్మి అంటే సింహం, బుట్ట, చెరువు, గుడ్లగూబ. ఒత్తక్షరాలకి దగ్గరగా ఉండేది వాడుకోమనండి. రాత ఎటునుంచి చదవాలో తెలియాలంటే జంతువులు ఎటు చూస్తున్నాయో చూడాలి, అవి చూసే వైపు నుంచే మొదలు. గుడ్లగూబ ముఖం మాత్రం మనవైపే ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి, పక్షిపిల్లని చూడండి.

పేరు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీత గీస్తారే, అది రాజులకీ రాణులకీ మాత్రమే. ఆ గీతల వల్లే పోయిన లిపి మళ్లీ దొరికింది. 1799లో దొరికిన రోసెట్టా రాయి మీద ఒకే శాసనం మూడు లిపుల్లో ఉంది, గీత లోపల ఉన్నవి రాజుల పేర్లని పట్టుకుని, దాని మీది టోలెమీ పేరునీ, వేరే రాతి మీది క్లియోపాత్రా పేరునీ గ్రీకుతో పోల్చుకుంటూ 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు దారి కనిపెట్టాడు. ముందు పేర్లే చదివారు, మన పిల్లలు ముందు పేర్లు రాసినట్టే.

ఇరవై నిమిషాలకి పేర్లు ఆపేయండి, అసలు సరదా మిగిలే ఉంది. రాజుల సమాధులు చెక్కి రంగులేసిన పనివాళ్లంతా దేర్ ఎల్ మదీనా అనే ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్లకి కాగితం ఖరీదు, అందుకని సున్నపురాతి పెచ్చుల మీద, కుండపెంకుల మీద చిత్తు బొమ్మలు వేసుకునేవాళ్లు. వాటిలో పిల్లి ఎలుకకి సేవ చేస్తుంటుంది, ఎలుకమ్మ దర్జాగా కూర్చుని ఉంటుంది. ఇంకోదాంట్లో పిల్లి బాతుల మంద కాస్తుంటుంది. ఈ ఊరివాళ్లే రామ్సెస్ 3 పాలన 29వ ఏట కూలి గింజలు రాలేదని పని ఆపేసి బయటికొచ్చి కూర్చున్నారు, చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన తొలి సమ్మె అదే. పిల్లలకి నాపరాయి పెచ్చులో పాత పెంకు ముక్కలో ఇచ్చి (అంచులు ముందే మీరు గరుకురాయితో రుద్దాలి), జంతువులు మనుషుల పనులు చేస్తున్నట్టు వేయమనండి. నాపరాయి కూడా సున్నపురాయే, జేగురు దానిమీద బాగా పడుతుంది. మా దగ్గర కోతి కండక్టర్, బల్లి హెడ్మాస్టర్ వచ్చాయి.

మీరు అనకూడని రెండు మాటలు

ఒకటి, ‘పిరమిడ్ లోపల గోడల నిండా ఇలాంటి బొమ్మలుంటాయి’ అని. గీజాలో ఖుఫూ పెద్ద పిరమిడ్ లోపలి గోడలు బోసిగా ఉంటాయి. మనం చూపించే రంగుల బొమ్మల్లో ఎక్కువ భాగం అంతకు వెయ్యేళ్ల పైన తర్వాతి సమాధులవి. రెండు, శాపాలు, దెయ్యాలు. పిల్లలు ఆ రోజు కేకలు పెడతారు గానీ రాత్రి పడుకోరు, పొద్దున వాళ్లమ్మ మీకు ఫోన్ చేస్తుంది. హైదరాబాద్ దగ్గరవాళ్లయితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నిజాంల కాలం నుంచి ఉన్న మమ్మీని చూపించొచ్చు, కానీ పాఠం చివర్లో, అదొక చిన్న వయసు అమ్మాయి అని ముందే చెప్పి తీసుకెళ్లండి, గోల తగ్గుతుంది.

గోడకి పెట్టేటప్పుడు

బొమ్మల్ని ఇష్టమొచ్చినట్టు అంటించకండి. చార్టు మీద అడ్డంగా మూడు నేలగీతలు గీసి, మనుషుల్ని కత్తిరించి పాదాలు ఆ గీతల మీద ఆనేట్టు వరుసగా పెట్టండి, ఈజిప్టు గోడల మీద అలాగే ఉంటాయి. అందరూ ఒకే వైపు చూడాలి. ఎంత చెప్పినా ఒకడు అటువైపు తిప్పి వేసే ఉంటాడు. వాడి బొమ్మని వరుస చివర, అందరికీ ఎదురుగా, కాస్త పెద్ద కుర్చీ గీసి అంటించండి. మిగతావాళ్లంతా వాడికి రొట్టెలు, బాతులు, పళ్లు తెస్తున్నట్టు అయిపోతుంది. నెబామున్ లాంటివాళ్ల సమాధుల్లో యజమాని కూర్చునే చోటు అదే.